గుంటూరులో ఉండి కామెడీ రచయిత కావచ్చా? టీవీ సిట్‌కామ్ నుంచి ఫ్యామిలీ సినిమా దాకా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతున్నారు. స్నేహితుల యూట్యూబ్ ఛానల్‌కి స్కిట్లు రాస్తున్నారు, జనం నవ్వుతున్నారు. టీవీ సిట్‌కామ్‌లకి (అవే పాత్రలతో ప్రతి ఎపిసోడ్‌కీ కొత్త కథ నడిచే కామెడీ సీరియళ్లకి), ఆ తర్వాత ఫ్యామిలీ సినిమాలకి రాయాలని ఉంది. ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లిపోవాలా, ఆ బతుకు ఎలా ఉంటుంది, ఆడపిల్లకి కుదిరే పనేనా? నమూనాగా ఒక స్కిట్ కూడా జతచేశారు.

ముందు చిన్న జవాబు. ఉద్యోగం మానొద్దు. ఇప్పుడే బస్సెక్కొద్దు. కుదిరే పనే, కానీ మీరు రాస్తున్న స్కిట్‌కీ సిట్‌కామ్‌కీ ఒక గొడవుంది, సిట్‌కామ్‌కీ సినిమాకీ ఇంకో గొడవుంది. ఆ రెండూ తేలకుండా హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది తీసుకుంటే అద్దె దండగ. నేను డైలీ సీరియల్ డైలాగులతో మొదలుపెట్టి, వారం వారం వచ్చే కామెడీలు రాసి, సినిమాలకి పనిచేసినవాణ్ణి. కొన్నింట్లో నా పేరు పడింది, కొన్నింట్లో పడలేదు. ఉండేది విజయవాడలోనే.

సిట్‌కామ్‌లో మనిషి మారకూడదు. సినిమాలో మారాలి. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి చాలామందికి సగం కెరీర్ పడుతుంది. ఊరికే చెబితే పట్టుబడదు గాబట్టి ఒక కుటుంబాన్ని పెట్టి చూపిస్తాను.

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక రిటైర్డ్ టీటీఈ, అంటే రైల్లో టికెట్లు చూసే ఆయన, ఉన్నాడనుకుందాం. పేరు పరాంకుశం. సర్వీసంతా బోగీల్లోనే గడిచింది. ఇప్పుడు ఇల్లే ఆయన బోగీ. కొడుక్కి బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు. కోడలిది మీ గుంటూరే. ఇంటికి చెప్పాపెట్టకుండా ఒక చుట్టం దిగాడు.

"ఎవరమ్మా ఇతను?"

"మా పెద్దమ్మ తోటికోడలి తమ్ముడు మామయ్యా. ఫోనన్నా చెయ్యకుండా వచ్చేశాడు."

"అంటే రిజర్వేషన్ లేదు. బెడ్‌రూమ్ అలాట్ చెయ్యడానికి వీల్లేదు. హాల్లో సర్దుకోమను."

"హాల్లో దివాన్ మీద మీరు పడుకుంటారు గదా?"

"ఆర్‌ఏసీ. ఇద్దరం కూర్చుంటాం."

ఇక్కడ వాళ్లావిడ వంటింట్లోంచి ఒక మాట అనాలి. "నాకు పెళ్లయి నలభై ఏళ్లు, ఇంకా వెయిటింగ్ లిస్టే" అనే పంచ్ ఎవరికైనా తడుతుంది. చప్పట్లు కూడా పడతాయి. అయినా కొట్టెయ్యాలి. రైల్వే భాష ఆయన సొత్తు. ఇంట్లో అందరూ అదే మాట్లాడితే అది కుటుంబం కాదు, స్కిట్ అవుతుంది. ఆవిడకి కావాల్సింది వేరే ఉంది: "ఫ్రీ పాసు, ఫ్రీ పాసు అని ఊరంతా చెప్పుకున్నారు. ఒక్కసారి తిరుపతి తీసుకెళ్లారా?" ఇందులో పంచ్ లేదు, కడుపుమంట ఉంది. నవ్వు ఆలస్యంగా వస్తుంది గానీ ఆవిడ మనకి గుర్తుండిపోతుంది. వచ్చే వారం ఎపిసోడ్‌కి పనికొచ్చే సరుకు కూడా ఆవిడ దగ్గరే ఉంది.

ఇప్పుడు ఈ చుట్టం వెళ్లడం లేదు. మూడో రోజు పరాంకుశం పెనాల్టీ వేస్తానంటాడు. చుట్టం కట్టేస్తాడు. కట్టాక సీటు మీద హక్కు వచ్చింది గదా, ఇప్పుడు బెడ్‌రూమ్ అడుగుతాడు. పరాంకుశం రూలుకి పరాంకుశమే దొరికిపోయాడు. చివరికి ఏదో ఒకటి చేసి చుట్టాన్ని పంపిస్తారు, పరాంకుశం మళ్లీ అదే పరాంకుశం. ఈ ఎపిసోడ్‌లో ఆయనకి బుద్ధి రాకూడదు. వస్తే వచ్చే వారం మీకు కథ లేదు.

అదే పరాంకుశం మీద సినిమా రాయమంటే? ఇంటర్వెల్‌కి ఆయన్ని పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేకుండా పట్టించాలి. తెనాలి దాటాక పర్సు పోయిందని తెలుస్తుంది. ఎదురుగా కొత్తగా ఉద్యోగంలో చేరిన టీటీఈ అమ్మాయి. ఆయన జీవితమంతా వాడిన మాటలే ఆ అమ్మాయి నోట వింటాడు. అక్కణ్ణించి రెండో సగమంతా ఆయన కరుగుతూ రావాలి. భార్యతో తిరుపతి వెళ్లాలి, కన్ఫర్మైన బెర్తు ఇంకెవరికో ఇచ్చి తలుపు దగ్గర నిలబడాలి. నవ్వులు మొదటి సగంలోవే, వాటి లెక్క తేలేది మాత్రం రెండో సగంలో. సిట్‌కామ్ రచయితలు సినిమాకి వచ్చి బోల్తా పడేది ఇక్కడే. మొదటి సగం అదరగొడతారు. తర్వాత మనిషిని కదిలించడం చేతకాక, ఇంకో పాత్రని దింపుతారు, ఇంకో గందరగోళం పెడతారు. థియేటర్లో జనం "ఫస్టాఫ్ బాగుంది" అని లేస్తారు.

ఇప్పుడు మీ స్కిట్. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు, మోటారు కాలిపోవడం, ఎవరు కట్టాలని తగాదా. బాగుంది, మన ఊళ్లలో ఇప్పుడు ఇంతకన్నా పెద్ద రణరంగం లేదు. కానీ వాచ్‌మన్, ప్రెసిడెంటు, పైఅంతస్తు ఆంటీ ముగ్గురూ ఒకే తెలివితో మాట్లాడుతున్నారు. డైలాగుల ముందు పేర్లు చెరిపేసి చదవండి, ఎవరిదో చెప్పలేరు. ప్రెసిడెంటుకి ఒక కోరిక ఇవ్వండి. పదవి వదిలించుకోవాలి, కానీ తనే వదిలానని ఎవరూ అనకూడదు. ఆ కోరికతో రాస్తే మోటారు కాలకపోయినా సీను నడుస్తుంది. వాచ్‌మన్ నెల్లూరువాడైతే నెల్లూరు మాటే రాయండి, యాసని వెక్కిరించకుండా. అతనికి మాత్రం మోటారు ఎందుకు కాలిందో తెలిసి ఉండాలి, ఎవరూ అతన్ని అడగకూడదు.

నేర్చుకోవడానికి హైదరాబాదే వెళ్లనక్కర్లేదని ఎందుకంటున్నానంటే, ఈ విద్యకి మన రెండు ఊళ్లలోనూ వేళ్లున్నాయి. జంధ్యాల నరసాపురంలో పుట్టినా చదివింది విజయవాడలో. సినిమా కన్నా ముందు "ఏక్ దిన్ కా సుల్తాన్", "గుండెలు మార్చబడును" లాంటి నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నారు. సుత్తి వీరభద్రరావు విజయవాడ రేడియో నుంచి వచ్చారు. 1987లో జంధ్యాల తీసిన "అహ నా పెళ్ళంట" చూడండి. మూలం ఆదివిష్ణు నవల "సత్యంగారిల్లు". పిసినారిగా వేసిన కోట శ్రీనివాసరావుది కంకిపాడు. బ్రహ్మానందంది సత్తెనపల్లి వైపు. గుండు హనుమంతరావు విజయవాడ నాటకాల్లోంచి ఆ సినిమాతోనే తెరమీదికి వచ్చారు. కోడిని పైన వేలాడదీసి దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే సీను అందరికీ గుర్తే. నేను దాన్ని రచయితగా చూస్తాను. పిసినారితనం ఒక్కటే గుణం, సీను సీనుకీ వస్తువు మారుతుంది. బట్టలు, తిండి, పెళ్లి. గుణాన్ని మార్చకుండా వస్తువుని మార్చడమే సిట్‌కామ్ పని కూడా.

1984లో "శ్రీవారికి ప్రేమలేఖ" వచ్చింది పొత్తూరి విజయలక్ష్మి గారి నవల నుంచి. ఆడవాళ్లు హాస్యం రాయలేరని ఎవరైనా అంటే ఆ ఒక్క పేరు చెప్పి ఊరుకోండి, వాదన పెట్టుకోవద్దు.

అందుకని ఈ ఏడాది మీరు చెయ్యాల్సింది ఒకటుంది. నాటిక పోటీలకి వెళ్లండి. విజయవాడలో సుమధుర కళానికేతన్ వాళ్లు హాస్య నాటికలకే పోటీలు పెడతారు. గుంటూరులో బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వర విజ్ఞాన మందిరం మీకు పక్కనే, 2023 డిసెంబరులో నంది నాటకోత్సవం జరిగింది అక్కడే. వెళ్లి స్టేజీ వైపు కాదు, జనం వైపు చూడండి. ఎక్కడ నవ్వారు, ఎక్కడ నవ్వుతారని నటుడు ఆగితే నవ్వలేదు, ఎక్కడ దగ్గులు మొదలయ్యాయి, రాసుకోండి. యూట్యూబ్ వ్యూస్ మీకు ఇది చెప్పవు. అక్కడ నవ్వినవాడూ కనపడడు, సగంలో స్క్రోల్ చేసినవాడూ కనపడడు. తర్వాత మీరే ఒక నాటిక రాసి ఏదైనా సమాజం చేత ఆడించండి. నలభై నిమిషాలు ఒకే సెట్‌లో, నలుగురైదుగురు మనుషులతో జనాన్ని కూర్చోబెట్టగలిగితే ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్ మీకు లెక్క కాదు. అరగంట స్లాటులో ప్రకటనలు పోగా మిగిలేది సుమారు అంతే.

కెరీర్ ఎలా ఉంటుందన్నారు. అమెరికాలో అయితే దీనికి మెట్లున్నాయి. సిట్‌కామ్‌కి రచయితల గది ఉంటుంది. అందరూ బల్ల చుట్టూ కూర్చుని రాస్తారు. స్టాఫ్ రైటర్‌గా చేరినవాడు స్టోరీ ఎడిటర్, ప్రొడ్యూసర్ అయి, అదృష్టముంటే షో మొత్తానికి పెద్ద అవుతాడు. లోవెల్ గాంజ్, బబలూ మాండెల్ అనే జంట 1970ల్లో "హ్యాపీ డేస్" (మన శేఖర్ కమ్ముల సినిమా కాదు, అక్కడి సీరియల్) లాంటివాటికి రాసి, 1984లో "స్ప్లాష్", 1989లో "పేరెంట్‌హుడ్" రాశారు. సిట్‌కామ్ నుంచి కుటుంబ సినిమాకి వెళ్లడం అక్కడ నడిచిన బాటే. 2023లో అక్కడి రచయితలు మే నుంచి సెప్టెంబరు దాకా సమ్మె చేసినప్పుడు, గదిలో ఇంతమంది రచయితలు ఉండి తీరాలన్నది కూడా ఒక డిమాండు.

మనకి గది లేదు. వారపు కామెడీకి ఒకరో ఇద్దరో. డైలీకి కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఇంకొకరిది, మాటలు మరొకరివి. ముగ్గురూ కలుసుకునేది వాట్సాప్‌లో.

అయినా మన దగ్గర ఒక గొప్ప ఉదాహరణ ఉంది. గుణ్ణం గంగరాజు గారి "అమృతం" 2001 నవంబరులో మొదలై 2007 దాకా జెమినిలో 313 ఎపిసోడ్లు నడిచింది. అమృతం పాత్రని శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురు వేశారు. నటుడు మారినా ఇంట్లో కూర్చున్న జనం ఏమీ అనుకోలేదు. ఎందుకంటే అమృతం అంటే ఆ నటుడు కాదు, ఆ అత్యాశ, ఆ తొందరపాటు. పక్కన గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు వద్దంటూనే గోతిలో దిగుతాడు. పాత్రని గుణం మీద కడితే ముగ్గురు నటులు మోసినా కూలదు. వాళ్లలో హర్షవర్ధన్ తర్వాత "ఇష్క్", "గుండెజారి గల్లంతయ్యిందే", "మనం" సినిమాలకి మాటలు రాశారు. మీరు అడిగిన దారి మన దగ్గర కూడా ఉందని చూపించడానికి ఇంతకన్నా మంచి పేరు నాకు తెలీదు.

తర్వాత ఏమైందంటే, సాయంత్రం స్లాట్లన్నీ డైలీ సీరియళ్లు తినేశాయి. ఆరు రోజులు వచ్చే ఏడుపు ముందు వారానికోసారి వచ్చే నవ్వు ప్రకటనల లెక్కలో నిలబడలేదు. 2013లో "జబర్దస్త్" వచ్చాక టీవీ కామెడీ అంటే స్కిట్ అయింది. నేను దాన్ని తక్కువ చెయ్యను. రాసేవాళ్లకి చేతినిండా పనిచ్చింది, ఊళ్లలో ఉన్న కుర్రాళ్లని తెచ్చి నిలబెట్టింది. కానీ స్కిట్‌కి పాత్ర అక్కర్లేదు, నటుడి పేరే పాత్ర. అక్కడ పదునెక్కేది కౌంటరు. కథ మొద్దుబారుతుంది. అక్కడ ఎక్కువ కాలం ఉండిపోయినవాళ్లు సినిమాకి వస్తే డైరెక్టర్లు వాళ్లని "ఈ సీనుకి నాలుగు పంచులు వెయ్యవా" అనే పిలుస్తారు. ఆ పనికి డబ్బొస్తుంది, పేరు పడదు.

డైలీలో చేరే అవకాశం వస్తే మాత్రం ఒక ఏడాది చెయ్యండి. వేగం వస్తుంది. అక్కడి కష్టం ప్రాంప్టింగ్. సెట్లో అసిస్టెంటు డైలాగ్ చదువుతుంటే ఆర్టిస్టు విని తిరిగి చెబుతారు. చాలామంది హీరోయిన్లది కన్నడం, గొంతు తర్వాత డబ్బింగ్‌లో వస్తుంది. మాట మీద మాట పడే హాస్యం ఈ పద్ధతిలో బతకదు, రెండు డైలాగుల మధ్య ఎప్పుడూ ఒక ఊపిరి ఖాళీ ఉంటుంది. కాబట్టి వాక్యం పొట్టిగా రాయాలి, నవ్వుని మాటలో కాకుండా చేతిలో వస్తువులోనో, తలుపు తీసిన సమయంలోనో పెట్టాలి. ఆర్టిస్టు డేట్లు లేవని రాత్రికి రాత్రి సీన్లోంచి అత్తగారిని తీసెయ్యమంటారు. పోట్లాట మొత్తం ఆవిడతోనే ఉంటుంది. ఫోన్లో పెట్టి నడిపించాలి. ఇవన్నీ సినిమాలో పనికొస్తాయి, అక్కడ కూడా హీరో డేట్లే స్క్రీన్‌ప్లే.

సినిమాకి వచ్చాక పని ఎక్కువగా సిట్టింగ్‌లలోనే, అంటే కథ మీద కూర్చుని మాట్లాడుకోవడంలోనే. ఒక హోటల్ గదో, ఆఫీసో. లైను (కథ క్లుప్తంగా) చెబుతారు, వన్‌లైన్ ఆర్డర్ (ఒక్కో సీనుకి ఒక్కో వాక్యంగా వరస) వేస్తారు, ఒక్కో సీనుకి నాలుగు వెర్షన్లు. ఒకప్పుడు కామెడీ ట్రాక్ విడిగా ఉండేది, దానికి విడిగా రచయిత ఉండేవాడు. ఇప్పుడు కథలోంచి రాని కామెడీని జనం ఒప్పుకోవడం తగ్గింది. అందుకే మాటలు రాసేవాళ్లే కుర్చీ మారుతున్నారు. త్రివిక్రమ్ "స్వయంవరం", "నువ్వు నాకు నచ్చావ్" రాసి డైరెక్టరయ్యారు. అనిల్ రావిపూడి మాటలు రాస్తూ వచ్చి 2015లో "పటాస్"తో మొదలుపెట్టి, సంక్రాంతికి ఇంటిల్లిపాదినీ థియేటరుకి లాక్కొచ్చే స్థాయికి వెళ్లారు. రచయితగానే ఉండిపోతే మన దగ్గర చివరి మాట మీది కాదు. ఆ నిజం ఒప్పుకుని ఉండిపోయినవాళ్లున్నారు, నాలాగా. బాధేమీ లేదు, రాత్రి నిద్ర పడుతుంది.

ఆడపిల్లకి కుదురుతుందా అంటే, పని కుదురుతుంది, వేళలే కుదరవు. సిట్టింగ్‌లు సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాకా సాగడం అలవాటు, అవసరం కాదు. మొదటి రోజే "పదింటి నుంచి ఆరింటి దాకా వస్తాను, రాత్రికి పేపర్లు పంపిస్తాను" అని చెప్పండి. ఒప్పుకోనివాళ్ల దగ్గర డబ్బు కూడా సరిగ్గా రాదని నా అనుభవం. దర్శకురాలు నందినీ రెడ్డి గారి సినిమాల తర్వాత గదిలో ఆడవాళ్లు ఉంటే పెళ్లి సీన్లు, అత్తాకోడళ్ల సీన్లు ఎంత నిజంగా వస్తాయో చాలామందికి తెలిసొచ్చింది. అయితే "లేడీస్ సీన్లు రాసిపెట్టమ్మా" అని మిమ్మల్ని వాటికే కట్టేస్తారు. ఫైట్‌కి ముందు విలన్ ఇంట్లో భోజనాల సీను ఉంటే అది అడిగి మరీ తీసుకోండి.

డబ్బు సంగతి. సీరియల్‌కి ఎపిసోడ్ లెక్కన, టెలికాస్ట్ అయ్యాక నెలలు గడిచి వస్తుంది, పది శాతం పన్ను (టీడీఎస్) ముందే కోసుకుని. సినిమాకి అడ్వాన్సు, వెర్షన్ ఇచ్చాక కొంత, షూటింగ్ మొదలయ్యాక కొంత, చివరి వాయిదా డబ్బింగ్ అప్పుడు. ఆ చివరి వాయిదా ఒక సంస్థ నాకు ఇప్పటిదాకా ఇవ్వలేదు. సినిమా ఆడింది కూడా. అందుకని చివరికి మిగిలే ముక్క చిన్నదిగా ఉండేలా వాయిదాలు అడగండి. మీరు కామర్స్ మేడమ్, ఈ లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు.

కాగితాల విషయంలో మాత్రం నిర్లక్ష్యం వద్దు. ఐడియాకి కాపీరైట్ లేదు. దాన్ని మీరు రాసిన తీరుకే ఉంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. తన నాటకాన్ని సినిమాగా తీసేశారని వెళ్లిన ఆ నాటక రచయిత ఓడిపోయాడు. కాబట్టి "ఒక టీటీఈ ఉంటాడండీ" అని నోటితో చెప్పి వస్తే మీ చేతిలో ఏమీ ఉండదు. సీన్లతో సహా రాసి, కాపీరైట్ ఆఫీసులో ఆన్‌లైన్‌లో నమోదు చెయ్యండి, సాహిత్య రచనకి రుసుము 500 రూపాయలు. హైదరాబాద్‌లో సినీ రచయితల సంఘంలోనూ, ముంబై స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లోనూ నమోదు సదుపాయం ఉంది. కథ వినిపించిన రోజే "ఈరోజు మీకు ఫలానా కథ చెప్పాను, పీడీఎఫ్ జతచేస్తున్నాను" అని మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. ఎవరూ తప్పు పట్టరు.

అగ్రిమెంటు ఇస్తే ఇంటికి తెచ్చుకుని చదవండి. హక్కులు రాసివ్వడం కాగితం మీదే జరగాలి. ఏ హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే చట్టం ప్రకారం అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు వాడుకోకపోతే, అగ్రిమెంటులో వేరేగా రాసుకుని ఉంటే తప్ప ఆ హక్కు పోతుంది. అందుకే కొందరు "శాశ్వతంగా, విశ్వమంతటా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలకీ" అని రాసి తెస్తారు. విశ్వమంతటా అన్నచోట నవ్వొస్తుంది గానీ సంతకం పెట్టేముందు రీమేక్, వెబ్ సిరీస్ హక్కులు విడిగా రాయమని అడగండి. కొత్తవాళ్లకి ఒప్పుకోరు, నిజమే. అడిగినందుకు అవకాశం మాత్రం పోదు. నెలజీతం మీద చేరితే సంగతి వేరు, ఉద్యోగంలో భాగంగా రాసింది మామూలుగా సంస్థదే అవుతుంది. అలాంటిచోట మీ సొంత కథల్ని చేరకముందే నమోదు చేసుకోండి.

రాజీనామా ఎప్పుడంటే, మీ దగ్గర ఒక కుటుంబం మీద పదమూడు ఎపిసోడ్లకి లైన్లు, అందులో మూడు పూర్తి స్క్రిప్టులు, అదే కుటుంబం మీద సినిమాకి వన్‌లైన్ ఆర్డర్, ఆడిన నాటిక ఒకటి ఉన్నప్పుడు, అప్పటికి ఎవరో ఒకరు చెక్కు ఇచ్చి ఉంటే. అప్పటిదాకా వేసవి సెలవులున్నాయి, శని ఆదివారాలున్నాయి. గుంటూరు నుంచి రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి హైదరాబాద్‌లో నరేషన్ చెప్పి, మర్నాటికి క్లాసుకి వచ్చెయ్యొచ్చు. మీ ప్రెసిడెంటు స్కిట్‌ని ఆ కోరికతో తిరగరాసి పంపండి, చదువుతాను. వాట్సాప్ వాయిస్ మెసేజ్ వద్దు, పేజీలు పంపండి.